మెయిలు సర్వరు మార్పు: ‘అవును’ అర్థం మారిన చోట

హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మాటలు సేకరించే మా విద్యార్థులు తమ పదపట్టికలను మెయిలులో పంపుతుంటారు. వాటిలో కొన్నింటికి వేరే ప్రతి లేదు. అందుచేత అలాంటి ఉత్తరాలు నిలవ ఉన్న సర్వరును కొత్త వెర్షనుకు మార్చేటప్పుడు ఏం జరుగుతుందో, సొంతంగా చిన్న సర్వర్లు నడుపుకొనేవారి కోసం ఇక్కడ వివరిస్తున్నాం.

లినక్సు సర్వర్లలో ఉత్తరాలను చేరవేసే పని తరచుగా పోస్ట్‌ఫిక్స్‌ది. వాటిని పెట్టెల్లో ఉంచి అడిగినవారికి చూపే పని డవ్‌కాట్‌ది. డవ్‌కాట్ అంటే పావురాల గూడు. జాబులు మోసే పావురాలను తలచుకొంటే పేరు బాగానే కుదిరింది. 2025 జనవరిలో వెలువడిన డవ్‌కాట్ 2.4, అదే ఏడాది ఆగస్టులో విడుదలైన డెబియన్ 13లో చేరింది. డెబియన్ 12లో ఉన్నది 2.3. పాత అమరికల ఫైలు కొత్తదానికి పనికిరాదు. ఏ వెర్షను కోసం రాశామో ఫైలు మొదట్లోనే చెప్పాలి. చెప్పకపోతే సర్వరు మొదలే కాదు. ఉత్తరాల చోటు తెలిపే ‘మెయిల్ లొకేషన్’ పంక్తి ‘మెయిల్ డ్రైవర్’, ‘మెయిల్ పాత్’ వంటి వేర్వేరు పంక్తులుగా విడిపోయింది. మొదటిది నిలవచేసే పద్ధతి, రెండోది చోటు. చోటు తప్పు రాస్తే పెట్టె ఖాళీగా కనిపించవచ్చు. ఉత్తరాలు డిస్కులో పాత చోటనే ఉంటాయి గనుక కంగారుపడి ఏదీ చెరపకూడదు.

ఇలాంటి పొరపాట్లు వెంటనే బయటపడతాయి. బయటపడనిది ఒకటుంది. పాత ఫైల్లో ‘డిసేబుల్ ప్లెయిన్‌టెక్స్ట్ ఆథ్’ అనే అమరిక ఉండేది. పాస్‌వర్డును మరుగు లేకుండా పంపడాన్ని నిషేధించమని దాని అర్థం. ఎదురుగా ‘యెస్’ అంటే నిషేధం. కొత్త ఫైల్లో దాని స్థానంలో వచ్చినది ‘ఆథ్ అలౌ క్లియర్‌టెక్స్ట్’, అంటే అలా పంపడాన్ని అనుమతించమని. పేరు మాత్రం మార్చి ‘యెస్’ను అట్లాగే ఉంచితే నిషేధం కాస్తా అనుమతి అవుతుంది. సర్వరు చక్కగా నడుస్తుంది, ఉత్తరాలు వస్తాయి, ఎవరికీ అనుమానం రాదు. ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అనే అమరిక వేరే లేకపోతే, పాస్‌వర్డు దారిలో ఎవరైనా చదవగలిగేట్టు పోవచ్చు. ఇక్కడ రాయవలసింది ‘నో’. అసలు ఆ పంక్తే రాయకపోయినా క్షేమమే. ఏమీ చెప్పకపోతే అనుమతి లేనట్టే.

హోసూరు విద్యార్థికి ఈ చిక్కు కొత్తది కాదు. ఇంట్లో ‘అవసరం’ అంటే కావలసింది అని. బజారులో తమిళులు ‘అవసరం’ అన్నా, కన్నడిగులు ‘అవసర’ అన్నా తొందర అని. మాట చెవికి తెలిసిందే గనుక అర్థం సరిచూడాలన్న ఆలోచనే రాదు.

మార్పుకు ముందు ఉత్తరాలకూ, ‘డవ్‌కాన్ఫ్’ ఆదేశం చూపే పాత అమరికలకూ నకళ్ళు తీసి వేరే చోట దాచాలి. పాత ఫైలును అతుకులు వేసేకన్నా కొత్తది మొదటినుంచి రాసుకోవడం మేలని మా అభిప్రాయం. తొందర అక్కరలేదు. పోస్ట్‌ఫిక్స్ ఉత్తరాలను డవ్‌కాట్‌కే అందించేట్టు అమర్చి ఉంటే, డవ్‌కాట్ ఆగి ఉన్నంతసేపూ వాటిని వరుసలో ఉంచి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. మనం మార్చకపోతే ఆ గడువు 5 రోజులు. ఆలోగా ఒక్కరి పెట్టె తెరిచి, పాత పదపట్టిక ఒకటి చదివి చూసుకొని, ఆ తర్వాతే మిగిలినవారికి కబురు చేయాలి.