తైపేలో పనికొచ్చిన మన ఒత్తక్షరాలు

మా పెద్దమ్మ కూతురు మాస్టర్స్ కోసం తైపే వెళ్లింది. రెండో రోజు రాత్రి వీడియో కాల్ చేసి, "ఒరేయ్, హోటల్లో టీలోకి చక్కెర అడిగితే సూప్ తెచ్చిపెట్టార్రా, అది కూడా ఎముకల సూప్" అంది. నేను పడీ పడీ నవ్వాను. తను నవ్వలేదు. అక్క శాకాహారి. అప్పటికి రెండు రోజులుగా బిస్కెట్లతో, ఇంటి నుంచి తీసుకెళ్లిన చేగోడీలతో నెట్టుకొస్తోంది.

ఆ వారమంతా ఫోన్లో విన్నవీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నా. మనలో కూడా కొందరు చిప్ డిజైన్ కోసం తైవాన్ వైపు చూస్తున్నారు కదా, పనికొస్తుంది.

మొదటి రోజు పెద్దగా ఇబ్బంది ఉండదు. ఎయిర్‌పోర్ట్ నుంచి సిటీకి మెట్రో ఉంది. సిటీ మెట్రోలో స్టేషన్ పేర్లు ఇంగ్లీష్‌లో కూడా రాసి ఉంటాయి, అనౌన్స్‌మెంట్లు మాండరిన్, తైవానీస్, హక్కా, ఇంగ్లీష్ నాలుగింటిలో వస్తాయి. ఒక్కటే జాగ్రత్త: మెట్రోలో తినకూడదు, నీళ్లు కూడా తాగకూడదు. ఫైన్ 1,500 తైవాన్ డాలర్ల నుంచి మొదలవుతుంది. సాయంత్రం వీధిలో బీథోవెన్ ట్యూన్ వినిపిస్తే ఐస్‌క్రీమ్ బండి అనుకోకండి, అది చెత్త బండి. మన ఊళ్లో చెత్త ఆటో పాట పెట్టుకుని వస్తుంది కదా, అలాగే. అందరూ సంచులు పట్టుకుని కిందికి పరిగెత్తుతారు. తైపేలో 2000 నుంచి చెత్తకి సిటీ వాళ్ల సంచులే కొనాలి, ఆ సంచి ధరలోనే చెత్త ఫీజు ఉంటుంది.

అసలు కష్టం మెట్రో దిగి సందుల్లోకి వెళ్తే మొదలవుతుంది. చిన్న హోటళ్లలో మెనూ అంతా చైనీస్ లిపిలోనే ఉంటుంది. బీటెక్ పాసైన మనిషి ఒక్క రోజులో చదువు రాని మనిషి అయిపోతుంది. మెనూ ఫోన్ కెమెరాతో చదవొచ్చు, కానీ నోరు తెరిచి అడగాల్సింది మనమే.

చక్కెర సూప్ ఎందుకైందో చూద్దాం. రెండూ "థాంగ్" అనే మాటలే, తేడా అంతా గొంతులో ఉంది. మాండరిన్‌లో నాలుగు స్వరాలు ఉంటాయి. డాక్టర్ నోరు తెరవమంటే "ఆ..." అని ఒకే ఎత్తులో లాగుతామే, అది మొదటిది. అమ్మ పిలిస్తే "ఆఁ?" అని పైకి లేపుతాం, అది రెండోది. ఇష్టం లేకుండా "ఆఁ... సర్లే" అన్నప్పుడు గొంతు కిందికి దిగుతుంది, అది మూడోది. "పో!" అని కసిరితే నాలుగోది. మొదటి స్వరంలో థాంగ్ అంటే సూప్, రెండో స్వరంలో అంటే చక్కెర. తెలుగులో ఈ ఎత్తుపల్లాలతో కోపమో, అనుమానమో తెలుస్తుంది. అక్కడ మాట అర్థమే మారిపోతుంది.

రెండో చిక్కు ఇంగ్లీష్ అక్షరాల వల్ల వచ్చింది. మాండరిన్‌ని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసే పద్ధతి పేరు పిన్‌యిన్. అందులో 'బి' కనిపిస్తే ఇంగ్లీష్ మీడియం వాళ్లం వెంటనే "బ" అంటాం. కానీ అది బ కాదు, మన ప. 'పి' అని రాసింది ఒత్తి పలికే ఫ (ఫ్యాన్‌లో ఫ కాదు, ప పలికి గాలి వదలాలి). అలాగే 'డి' అంటే త, 'టి' అంటే థ, 'జి' అంటే క, 'కె' అంటే ఖ. ఈ తేడా పోతే ఏమవుతుందో చూడండి: "తూచ పావ్ ల" (చాపలో చ లాగా) అంటే కడుపు నిండింది. "థూచ ఫావ్ ల" అంటే కుందేలు పారిపోయింది!

తైపే పేరు కూడా అంతే, అసలు ఉచ్చారణ "థాయ్‌పెయ్"కి దగ్గరగా ఉంటుంది. బ్రిటిష్ పండితులు వేడ్, జైల్స్ పేరుతో ఉన్న పాత స్పెల్లింగ్‌లో 'టి' పక్కన ఒత్తుకి గుర్తుగా ఒక కామా లాంటిది పెట్టేవారు. వాడుకలో అది రాలిపోయింది. బీజింగ్‌లో "బీ", తైపేలో "పే" రెండూ ఒకే అక్షరం, ఉత్తరం అని అర్థం.

తైవాన్ పిల్లలు ఒకటో తరగతిలో ముందు 37 గుర్తులు నేర్చుకుంటారు. ఉచ్చారణ చూపించే ఆ గుర్తుల పేరు జుయిన్. అక్క ఆ చార్ట్ ఫోటో పంపి, కింద తెలుగులో రాసింది: ప ఫ మ, త థ న, క ఖ హ. మన వర్గాల్లాగే నోట్లో పుట్టే చోటుని బట్టి వరుస! బ, ద, గ లేవు, అంతే.

నిజం చెప్పాలంటే, ఖ, ఛ, థ, ఫ మనకి డిక్టేషన్‌లో మార్కులు పోగొట్టే అక్షరాలే. మాట్లాడేటప్పుడు చాలామందిమి "కర్చు" అనే అంటాం. నాకైతే అవి ఎందుకున్నాయో ఆ చార్ట్ చూసేదాకా తెలీలేదు. అవి లేకపోతే ఆ తేడా అక్కకి కాగితం మీద రాసుకోవడానికే కుదిరేది కాదు.

ఐదో రోజు ఒక హోటల్ బోర్డు మీద స్వస్తిక్ కనిపించింది. తైవాన్‌లో అది బౌద్ధుల శాకాహార భోజనానికి గుర్తు, కొన్నిచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. అక్క లోపలికెళ్లి, తెలుగులో రాసుకున్న చీటీ చూసి "వో ఛ్ సూ" అంది. నేను శాకాహారిని అని. ఛ గట్టిగా ఒత్తి, సూ కసిరినట్టు. ఆవిడ తల ఊపి అన్నం, కూరలు, టోఫు తెచ్చిపెట్టింది.

ఆ రాత్రి కాల్‌లో, "తిన్నావా అక్కా?" అని అడిగాను.

"తూచ పావ్ ల" అంది. ఈసారి తనే నవ్వింది.