సొంత ఇల్లే, పెత్తనం ట్రస్టుది

ఎర్ర ఇటుక గోడలు, ముందు చిన్న తోట, కంచెకు బదులు చక్కగా కత్తిరించిన పొదలు. బర్మింగ్‌హామ్ నైరుతి శివారులోని బోర్న్‌విల్‌లో ఇల్లు వెతుక్కునేవారిని ముందుగా ఆకట్టుకునేవి ఇవే. మురికివాడల కార్మికులకు గాలీ వెలుతురూ దక్కాలన్న పట్టుదలతో చాక్లెట్ వ్యాపారి జార్జ్ క్యాడ్‌బరీ 1895లో ఇక్కడ ఇళ్లు కట్టించడం మొదలుపెట్టారు. 1900లో వాటిని ట్రస్టుకు అప్పగించారు.

కొనడమే ఓ పరీక్ష. మన దగ్గర అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుంటే కొంత ధీమా. ఇంగ్లండ్‌లో బేరం కుదిరి, ఇంటి ముందు ‘అమ్ముడైంది’ అని బోర్డు పెట్టినా చట్టరీత్యా ఎవరూ కట్టుబడనక్కర్లేదు. లాయర్లు ఒప్పంద పత్రాలు మార్చుకునేదాకా, అంటే వారాల తరబడి, యజమాని మరొకరి పెద్ద మొత్తానికి మొగ్గవచ్చు. అప్పటికి లాయరుకూ, ఇంటి తనిఖీకీ పెట్టిన ఖర్చు బూడిదలో పోసిన పన్నీరే.

ఈ గండం గట్టెక్కితే ట్రస్టు ఎదురవుతుంది. 1967 నాటి చట్టం లీజుదారులకు భూమిని సొంతం చేసుకునే హక్కునిచ్చింది. పేట రూపురేఖలు చెడకుండా చూసే అధికారాన్ని పాత యజమానులు అట్టిపెట్టుకునే వీలూ అదే చట్టం కల్పించింది. అందుకే పూర్తి ధర చెల్లించినవారు కూడా కిటికీలు మార్చాలన్నా, ముందు తోటలో కారుకు చోటు చేసుకోవాలన్నా ట్రస్టును అడగాలి. స్థానిక మండలి అనుమతి వేరు. విసుగు పుట్టించే వ్యవహారమే. కానీ ఆ పొదలు నేటికీ పచ్చగా ఉండటానికి కారణం కూడా అదే.

క్యాడ్‌బరీ క్వేకర్. మద్యానికి చోటివ్వలేదు. పబ్బు కావాలంటే ఇప్పటికీ పక్కనున్న స్టర్చ్‌లీకి నడవాల్సిందే.