నిషేధం పుట్టించిన తూటాలు

ఢిల్లీలో సరోజినీ నగర్ అనగానే చవక బట్టల బజారు జ్ఞాపకం వస్తుంది. ఆ పేటకు పేరిచ్చిన సరోజినీ నాయుడు హైదరాబాదులో పుట్టిన కవయిత్రి. 1916లో లక్నో కాంగ్రెసు మహాసభలో ఆమె ఆయుధాల చట్టాన్ని నిరసిస్తూ ప్రసంగించారన్న సంగతి నేడు కొద్దిమందికే తెలుసు. 1878 నాటి ఆ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి ఉంచుకొనరాదు. తెల్లవారికి మాత్రం మినహాయింపు! పాలకుల ఈ భయమే తూటాల చరిత్రలో ఒక వింత అధ్యాయాన్ని వ్రాసింది.

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే టోపీ, లోపల మందు, మూతిలో గుండు. పేల్చిన తరువాత చేతికి మిగిలేది తొడుగొక్కటే. దానిని పారవేయక తిరిగి నింపుకొనడం పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా వేటగాళ్ళకు పరిపాటి. తొడుగు మెడను సన్నపరచి చిన్న గుండు అమర్చితే, ఏ కర్మాగారమూ అమ్మని కొత్త తూటా సిద్ధం. అమెరికన్లు దానికి పెట్టిన పేరు ‘వైల్డ్‌క్యాట్’, అనగా అడవిపిల్లి. 30-06 సైనిక తూటా నుండి ఇలా పుట్టిన 25-06 దశాబ్దాలపాటు ఔత్సాహికుల చేతులలోనే పెరిగింది. 1969లో గాని రెమింగ్టన్ కంపెనీ దానిని అంగడికెక్కించలేదు.

అమెరికాలో ఇది అభిరుచి. ఇండియా విషయంలో అవసరం. బ్రిటిష్ సైన్యపు మార్టినీ-హెన్రీ తుపాకి కొలత .450. తిరుగుబాటుదారులకు తూటాలు చిక్కుతాయన్న భయంతో ప్రభుత్వం 1907 ప్రాంతంలో ఆ కొలతను ఇండియా, సూడాన్‌లలో నిషేధించింది. కాని ఏనుగుల వేటకు దొరలు వాడే పెద్ద తుపాకులు కూడా ఆ కొలతవే! ఇంగ్లండులోని తుపాకి తయారీదారులు తలపట్టుకు కూర్చోలేదు. .500 తొడుగు మెడను సన్నపరచి .470, .500/465 వంటి కొత్త తూటాలు సృష్టించారు. రెండవదాని పేరులో తల్లీ బిడ్డా ఇద్దరూ ఉన్నారు.

సైన్యం వాడే .303 కూడా పౌరులకు అందరానిదే అయింది. దాని స్థానంలో ఆస్ట్రియా సైనిక తూటా వంశానికి చెందిన .315 వచ్చింది. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం స్వాతంత్ర్యానంతరం కూడా ఆ రైఫిళ్ళను తయారు చేసింది.

1947లో దొరలు వెళ్ళిపోయారు. 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చి, జాతిని బట్టి చూపే భేదం లేకుండా అందరికీ ఒకే లైసెన్సు విధించింది. 1972 వన్యప్రాణి చట్టం పులుల వేటను నిషేధించింది. అయినా .303 పౌరులకు నిషిద్ధంగానే నిలిచింది. తూటాల తయారీకీ లైసెన్సు తప్పనిసరి. సరోజినీ దేవి నిరసించిన అవమానం తొలగింది. కాని ఆనాటి భయం గీసిన గీత మాత్రం .315 అన్న అంకెలో మిగిలిపోయింది.