మంద వెంట, కాలువ వెంట

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవాళ్లలో సూర్యాపేట, కోదాడ పేర్లు తెలియనివాళ్లు ఉండరు. ఆ పరిచయం మాత్రం చాయ్ దగ్గరో టిఫిన్ దగ్గరో ఆగిపోతుంది. 65వ నంబరు జాతీయ రహదారి వెడల్పయ్యాక ఆ కాసేపు ఆగడం కూడా తగ్గింది. మిర్యాలగూడ ఈ దారిలో లేదు కాబట్టి దాని పేరు బియ్యం బస్తాల మీద చదవడమే. ఈ మూడు ఊళ్లనూ కలిపితే ఒక త్రికోణం వస్తుంది. ఒక్కో వైపు సుమారు 40 నుంచి 60 కిలోమీటర్లు ఉంటుంది. కారులో తీరిగ్గా రెండు రోజులు తిరగదగ్గ నేల ఇది. అయితే గుళ్ల జాబితా పట్టుకుని తిరిగితే ఇది చేతికి చిక్కదు. మెట్టకూ మాగాణికీ మధ్య గొర్రెల మందలు నడిచే నేలగా చూస్తే ఇక్కడి ప్రతి రాయికీ ప్రతి కాలువకూ అర్థం దొరుకుతుందని నా వాదన.

సూర్యాపేట దాటగానే హైవే పక్కన దురాజ్‌పల్లి దగ్గర ఒక గుట్ట ఉంటుంది. జనం దాన్ని పెద్దగట్టు అంటారు. రెండేళ్లకోసారి మాఘమాసంలో అక్కడ లింగమంతులస్వామి జాతర ఐదు రోజులు సాగుతుంది. తెలంగాణలో మేడారం తర్వాత ఇదే పెద్ద జాతర అని చెప్పుకుంటారు. దేవతా విగ్రహాలుండే దేవరపెట్టె కేసారం ఊరి నుంచి కదిలి గట్టు ఎక్కుతుంది. గజ్జెల లాగులు తొడుక్కున్న యాదవులు భేరీలు మోగిస్తూ ‘ఓ లింగా’ అని పిలుస్తూ వస్తారు. ఆ రోజుల్లో జాతీయ రహదారి మీది వాహనాలనే వేరే దారుల్లోకి మళ్లిస్తారు. లారీలకు, బస్సులకు అలవాటుపడ్డ రోడ్డు ఐదు రోజులపాటు కాపరులకు దారి వదులుతుందన్నమాట. గట్టు కింద నిలబడి చుట్టూ చూస్తే ఈ దేవుడు ఇక్కడే ఎందుకు వెలిశాడో తెలుస్తుంది. రాతి గుట్టలు, పలుచని ఎర్రమట్టి, తుమ్మచెట్లు, వానాకాలంలో మాత్రమే పచ్చబడే బీళ్లు. నాగలి కంటే మందను నమ్ముకుంటే బతుకు గడిచే నేల అది. ఉత్తరాన తుంగతుర్తి వైపు పోయేకొద్దీ ఆ మెట్ట ఇంకా విస్తరిస్తుంది. శ్రీరాంసాగర్ రెండోదశ కాలువలు అటు చేరడానికి దశాబ్దాలు పట్టింది.

అలాంటి నేలలో నీటిని నిలబెట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రిలో కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు 13వ శతాబ్దం తొలి ఏళ్లలో కట్టించిన గుళ్లున్నాయి. ఎరకేశ్వరాలయం 1208 నాటిది. నల్లరాతి స్తంభాల నునుపు చూసి మురిసిపోవాల్సిందే, కానీ అంతటితో వెనుదిరగకూడదు. ఊరు, గుడి, చెరువు కలిపి కట్టడం ఆ కాలపు పద్ధతి. వాననీటిని చెరువులో ఆపగలిగితేనే గుడికి ధూపదీపాలు నడిచేవి. ఆ చెరువుల కాలాన్ని దాటి దక్షిణానికి దిగితే నేల రంగే మారిపోతుంది. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాల్లోకి వచ్చింది. జొన్న, ఆముదం పండిన చోట రెండు కార్ల వరి నిలిచింది. ఆ వరి వెంట మిర్యాలగూడలో వరసగా రైస్ మిల్లులు లేచాయి. ఒక్క తరంలో ఇంత మార్పు చూసిన ప్రాంతాలు తెలుగునాట కొన్నే.

కాలువ వచ్చింది కాబట్టి మంద పని అయిపోయిందని అనుకోవడం పొరపాటు. మెట్టలో గడ్డి ఎండిపోయినప్పుడు కాపరులు మందలను ఆయకట్టుకు తోలుకొస్తారు. వరి కోసిన మళ్లలో కొయ్యకాళ్లు, గట్ల మీది పచ్చిక గొర్రెలకు మేత. రాత్రిళ్లు మంద పడుకున్న పొలానికి ఎరువు. అందుకే రైతులు పిలిచి మరీ మంద పెట్టించుకుని, కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తారు. ఎండిన నేల, తడిసిన నేల ఒకదానికొకటి ఆసరాగా నిలిచే ఏర్పాటు ఇది. ఏ పథకమూ దీన్ని పుట్టించలేదు, ఏ శాసనంలోనూ ఇది చెక్కి లేదు.

ఇక కృష్ణ. నల్లమల కొండలను కోసుకుంటూ వచ్చిన నది సాగర్ దగ్గర లోయలోంచి బయటపడి ఈ త్రికోణానికి దక్షిణపు సరిహద్దుగా పారుతుంది. దామరచర్ల మండలం వాడపల్లి దగ్గర మూసీ వచ్చి దానిలో కలుస్తుంది. సంగమం ఒడ్డున పాత గుళ్లు, అదే మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం. దిగువన మట్టపల్లి నరసింహస్వామి, మధ్యలో జాన్‌పహాడ్ సైదులు దర్గా. ఉర్సుకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. నదికి దూరంగా, ఉత్తరాన మెట్టలో ఉన్న ఫణిగిరి కొండ మీది బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. సాగర్ లోయలో విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకుల రాజు రుద్రపురుషదత్తుడి శాసనం ఆ కొండ మీదే దొరికింది. లోయకూ మెట్టకూ రాకపోకలు అంత పాతవి.

ఇంతదూరం విన్నాక కూడా, ఇందులో కళ్లు చెదిరే దృశ్యం ఏముందని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబుకు ఒక పోలిక చూద్దాం. ఆస్ట్రేలియా వాయవ్యంలో సుమారు 660 కిలోమీటర్ల గిబ్ రివర్ రోడ్డు ఉంది. పశువుల పెంపక క్షేత్రాల నుంచి డెర్బీ, విండ్‌హామ్ రేవులకు పశువులను చేరవేయడానికే ఆ దారి వేశారు. ఇప్పుడు లోయలు చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం అక్కడికి వెళ్తున్నారు. అలాంటి ఎర్రటి కొండగోడలు మన దగ్గర లేవు, ఒప్పుకుందాం. అయితే అక్కడ లోయలు ఎంత ముఖ్యమో, మనుషులూ పశువులూ ఆ నేలతో ఎలా బతికారన్నదీ అంతే ముఖ్యమని ఆ రోడ్డు పుట్టుకే చెబుతోంది. ఆ రెండో విషయంలో మన త్రికోణం ఎవరికీ తీసిపోదు.

కాపరి బతుకే తరిగిపోతున్నప్పుడు దాన్ని చూడటానికి రమ్మనడం ఏమిటన్న అభ్యంతరం ఇంకా బరువైనది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టింది. మంద దొరికింది సరే, అది నడిచే దారి, మేసే బీడు ఏవి? బీళ్లు ప్లాట్లవుతున్నాయి, కొయ్యకాళ్లకు నిప్పు పెట్టిన చోట మేత బూడిదవుతోంది. చూడటానికి వచ్చేవాళ్లు దీన్ని ఆపలేరు. కానీ రిసార్టులు, గాజు వంతెనల మీద పెట్టే డబ్బులో కొంత మందల దారులకు, ఊరుమ్మడి బీళ్లకు, దారిలో నీటి తొట్లకు మళ్లించమని అడగాలంటే ముందు అవి ఉన్నాయని జనానికి తెలియాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎండ తక్కువ, జాన్‌పహాడ్ ఉర్సు, పెద్దగట్టు జాతర ఆ రోజుల్లోనే వస్తాయి. నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వెళ్లే రోడ్డు మీద మంద ఎదురైతే ఇంజిన్ ఆపి, హారన్ కొట్టకుండా, చివరి గొర్రె దాటేదాకా ఆగాలి. ఆ దారి మీద మొదటి హక్కు వాటిది.