1–0–1 చదువుతాం, పక్కనున్న 3 చదవం

మందుల చీటీలో మన జనానికి బాగా వచ్చిన లెక్క 1–0–1. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. ఇంగ్లిష్ అక్షరం ముక్క రానివాళ్లు కూడా దీన్ని తడుముకోకుండా చెప్పేస్తారు. దాని పక్కనే డాక్టరు ఇంటూ గుర్తు పెట్టి ఇంకో అంకె వేస్తారు, 3 అనో 5 అనో. అది రోజుల లెక్క. దాని మీద మన చూపు ఆగదు. 1–0–1 ఇంటూ 3 అంటే ఆరు బిళ్లలు. షీటులో ఉండేవి పది. కోయించుకోవడం ఎందుకులే అని షీటంతా తెచ్చుకుంటాం. మిగిలిన ఆ నాలుగు బిళ్లలతోనే నా పేచీ.

నడుం పట్టేసినప్పుడు, మెడ తిప్పలేనప్పుడు నొప్పి మాత్రతో పాటు రాసే మజిల్ రిలాక్సెంట్ గురించి చెబుతున్నాను. పేరు చూసి ఇది నేరుగా వెళ్లి బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుందనుకుంటాం. డాంట్రోలిన్ లాంటి ఒకటీ అరా తప్ప, ఈ జాతి మందులు పనిచేసేది ప్రధానంగా మెదడులో, వెన్నుపాములో. కండరానికి అందే ఆదేశాలను అక్కడ మందగింపజేస్తాయి. ఆదేశాలతో పాటు మనిషీ మందగిస్తాడు. వీటిలో ఒకటైన టిజానిడిన్ పరీక్షల్లో మందు వేసుకున్నవారిలో 48 శాతం మంది మత్తుగా ఉందన్నారు, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవారిలో అలా అన్నది 10 శాతం. అందుకే ఈ మందు వేసుకుని బండి తీయొద్దు, నిచ్చెనెక్కొద్దు, మందు పార్టీకి అసలే వెళ్లొద్దు.

ఇంతా చేసి దక్కే ఉపశమనం ఎంత? 2021లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. నడుంనొప్పికి ఈ మందులు వాడి చూసిన 31 పరీక్షలను, 6,505 మంది వివరాలను కలిపి చూశారు. కొత్తగా వచ్చిన నడుంనొప్పిని 0 నుంచి 100 దాకా కొలిస్తే, మొదటి రెండు వారాల్లో మందు వల్ల అదనంగా తగ్గింది సుమారు 8. మందు లేకుండా 60 దగ్గర ఉండే నొప్పి మందుతో 52 దగ్గర ఉందన్నమాట. ఆ ఆధారాలు కూడా అంత గట్టివి కావని రాసినవాళ్లే ఒప్పుకున్నారు. అలాగని మందు దండగని నేననను. రాత్రి పక్క మీద అటూ ఇటూ దొర్లలేని మనిషికి ఆ ఎనిమిదీ, దానితో పట్టే కునుకూ తక్కువేం కాదు. కానీ ఇది నాలుగు రోజుల సాయం. నెలల తరబడి మింగాల్సింది కాదు.

రోజుల లెక్క ఎందుకంత ముఖ్యమో థయోకోల్చికోసైడ్ అనే మజిల్ రిలాక్సెంట్‌ను చూస్తే తెలుస్తుంది. మన మెడికల్ షాపుల్లో 4, 8 మిల్లీగ్రాముల్లో విరివిగా దొరుకుతుంది. ఇది ఒంట్లో విరిగినప్పుడు తయారయ్యే ఒక పదార్థం కణాల్లో క్రోమోజోముల సంఖ్యను దెబ్బతీయగలదని ప్రయోగశాల పరీక్షల్లో బయటపడింది. 2013లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ దీనికి గిరి గీసింది: పూటకు 8 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు, 7 రోజులకు మించొద్దు. 16 ఏళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వద్దు. గర్భం రాకుండా జాగ్రత్త పడని స్త్రీలకూ వద్దు. పెళ్లయి ఏడాదైన కోడలికి అత్తగారు తన షీటులో మిగిలిన బిళ్ల ఇచ్చే ముందు ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు.

ఇక నన్ను నిజంగా భయపెట్టే జోడీ ఒకటుంది. నడుం పట్టేసిందని టిజానిడిన్ 2 మిల్లీగ్రాములు వాడుతుంటారు. మూడో రోజు మూత్రంలో మంట, లేదా విరేచనాలు. మళ్లీ డాక్టరు దాకా ఎందుకని మెడికల్ షాపు ముందు నిలబడి అడిగితే చేతికొచ్చేది చాలాసార్లు సిప్రోఫ్లాక్సాసిన్. మన దగ్గర పిప్పరమెంటు బిళ్లలంత పరిచయమైన యాంటీబయోటిక్ అది. టిజానిడిన్‌ను కాలేయంలో విరిచే ఎంజైమును అది అడ్డుకుంటుంది. దాంతో శరీరం మీద పడే టిజానిడిన్ మోతాదు సగటున 10 రెట్లవుతుంది. వేసుకున్నది 2, ఒంటికి తెలిసేది 20. మానసిక సమస్యలకు వాడే ఫ్లూవాక్సమిన్‌తో అయితే 33 రెట్లు. ఈ రెండింటినీ టిజానిడిన్‌తో కలపకూడదని మందు వివరపత్రంలోనే ఉంటుంది. గర్భనిరోధక మాత్రలతో కూడా ఇది ఒంట్లోంచి పోయే వేగం సగం దాకా పడిపోతుంది.

పది రెట్లయితే ఏమవుతుంది? ఈ మందు బీపీని దించుతుంది. 8 మిల్లీగ్రాములు ఒకేసారి ఇచ్చి చూసిన పరీక్షలో మూడింట రెండు వంతుల మందికి బీపీలో పై అంకో కింది అంకో 20 శాతం పడిపోయింది. 130 ఉన్నది 104కు వచ్చిందనుకోండి. మంచం మీద పడుకున్నంతసేపూ ఏమీ తెలియదు. రాత్రి రెండింటికి బాత్రూముకని గబుక్కున లేచినప్పుడు కళ్లు తిరుగుతాయి. బీపీ మాత్రలు కూడా వేసుకునే పెద్దవాళ్లయితే గుమ్మం దాటకుండానే పడిపోవచ్చు. నడుంనొప్పికి మొదలుపెట్టిన మందు తుంటి ఎముక విరగ్గొట్టి వదులుతుంది. లేచే ముందు మంచం అంచున ఒక నిమిషం కూర్చోమనండి. ఇంకో చిన్న మాట: టిజానిడిన్ అన్నం తిన్నాక వేసుకోవడం మొదలుపెడితే రోజూ అలాగే వేసుకోవాలి. ఓ రోజు పరగడుపున, ఓ రోజు తిన్నాక అయితే మందు ఎక్కే తీరు మారిపోతుంది.

మన దగ్గర మజిల్ రిలాక్సెంట్ ఒంటరిగా రావడం తక్కువ. షీటు వెనక్కి తిప్పి వెలుతురుకు పెట్టి చూడండి. బాగా అమ్ముడుపోయే ఒక రకం మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఇలా ఉంటుంది: అసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325, క్లోర్‌జోక్సాజోన్ 250. ఒక్క బిళ్లలో మూడు మందులు: మొదటి రెండూ నొప్పివి, మూడోది మజిల్ రిలాక్సెంట్. అసిక్లోఫెనాక్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే రెండు బిళ్లలకే లెక్క సరి. నొప్పి తగ్గలేదని మధ్యాహ్నం మూడోది వేస్తే 300. దాని మీద ఒళ్లు నొప్పులకని పారాసిటమాల్ 650 నాలుగుసార్లు వేస్తే 2,600, మూడు బిళ్లల్లోని 975 కలిపితే 3,575. పెద్దవాళ్లకు రోజుకు 4,000 అన్న గీతకు ఇంకొక్క మాత్ర దూరం. తాగే అలవాటున్నవారికి, కాలేయం బాగాలేనివారికి ఆ గీత ఇంకా చాలా కిందే ఉంటుంది. క్లోర్‌జోక్సాజోన్‌తో మూత్రం నారింజ రంగులోకో ఎర్రటి ఊదాలోకో మారవచ్చు, అది మందు రంగే. కళ్లు పచ్చబడినా, అన్నం సయించకపోయినా, కడుపులో కుడివైపు నొప్పి వచ్చినా మాత్రం మందు ఆపి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కిడ్నీ జబ్బున్నవారికి వేరే లెక్క. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల పని చేసేవాళ్ల నడుములు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు, అక్కడి కిడ్నీల సంగతీ చెప్పక్కర్లేదు. బాక్లోఫెన్ అనే మజిల్ రిలాక్సెంట్ 70 నుంచి 80 శాతం దాకా విరగకుండా మూత్రంలోనే పోవాలి. కిడ్నీ వడకట్టకపోతే అది ఒంట్లోనే పేరుకుంటుంది. కెనడాలోని ఒంటారియోలో కిడ్నీ జబ్బుండి కొత్తగా బాక్లోఫెన్ మొదలుపెట్టిన 15,942 మంది వృద్ధులను గమనించిన అధ్యయనం 2019లో వచ్చింది. రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆపైన వాడినవారిలో 1.11 శాతం మంది 30 రోజుల్లోపే మతి తప్పిన స్థితిలో ఆసుపత్రి పాలయ్యారు. 20 లోపు వాడినవారిలో ఆ సంఖ్య 0.42 శాతం. సుమారు 90 మందిలో ఒకరికీ, 240 మందిలో ఒకరికీ ఉన్నంత తేడా. క్రియాటినిన్ ఎక్కువుందని తెలిసినవాళ్లు ఏ నొప్పి మందు చీటీ రాయించుకున్నా ముందు ఆ రిపోర్టు డాక్టరు బల్ల మీద పెట్టాలి. పైన చెప్పిన మూడు మందుల బిళ్లలోని అసిక్లోఫెనాక్ కూడా కిడ్నీకి పడదు.

బాక్లోఫెన్‌కు ఇంకో పేచీ ఉంది. పక్షవాతం తర్వాతో, వెన్నుపాము దెబ్బతిన్నాకో నెలల తరబడి వాడేవారు దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. భ్రమలు, ఫిట్స్ రావచ్చు. ఊరెళుతూ మందు మర్చిపోవడం కూడా ఆపడమే. పెద్ద మోతాదులో చాలాకాలం టిజానిడిన్ వాడినవారూ అంతే, హఠాత్తుగా మానేస్తే బీపీ ఎగబాకుతుంది, రోజుకు 2 నుంచి 4 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తూ రావాలి. మూడు రోజుల నడుంనొప్పి చీటీకి ఈ బెడద లేదు, రాసిన రోజులయ్యాక ఆపేయవచ్చు.

నడుంనొప్పితో పాటు కాలు చచ్చుబడినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం, మలం అదుపు తప్పినా బిళ్లతో కాలక్షేపం చేయకండి, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. మందు వేసుకున్న మనిషి ఎంత తట్టినా లేవకపోతే 108కి ఫోన్ చేసి, షీటు చేత్తో పట్టుకుని వెళ్లండి.

ఆ షీటు గురించే చివరి మాట. కత్తెరతో కోసిన ముక్క మీద చాలాసార్లు పేరులో సగమే మిగులుతుంది, గడువు తేదీ షాపులోనే ఉండిపోతుంది. పేరూ తేదీ ఉన్న వైపు ముక్క అడగండి, బిల్లు దాచుకోండి. ఇంట్లో ఇప్పటికే నాలుగు బిళ్లలు మిగిలి ఉంటే, నడుం పట్టేసిందని వచ్చిన పక్కింటావిడకు మంచం చూపించండి, కాపడం పెట్టండి, డాక్టరు ఫోన్ నంబరు ఇవ్వండి. బిళ్ల మాత్రం ఇవ్వకండి.