స్కాట్లాండ్ ఫిడేలు బాణీ, మన తెలుగు పుస్తకం

"కీబోర్డు క్లాసుకు పంపితే మన సంగీతానికి దూరమవుతారేమో మేడమ్" అని పేరెంట్స్ మీటింగ్‌లో కొందరు అడుగుతుంటారు. వారు ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) నొట్టుస్వరాలు ఒకసారి వినాలి.

మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ఆయన ఇంగ్లీషు బ్యాండు పాటలు విని, ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టారు. 'జగదీశ గురుగుహ' బాణీ స్కాట్లాండ్‌లో ఫిడేలు మీద వాయించే డ్యాన్సు పాట, 'లార్డ్ మెక్‌డొనాల్డ్స్ రీల్'. 'సంతతం పాహిమాం' అయితే అచ్చంగా ఇంగ్లండ్ జాతీయగీతమే! తమ్ముడు బాలుస్వామి ఫిడేలు నేర్చుకుని మన కచేరీకి తెచ్చారు.

ఈ పాటలను తొలినాళ్లలో అచ్చువేసిన పుస్తకాల్లో ఒకటి తెలుగు లిపిలోనే ఉంది: సుబ్బరామ దీక్షితుల 'ప్రథమాభ్యాస పుస్తకము', 1905. పేరు చూడండి, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే. అన్నీ శంకరాభరణ స్వరాలే, గమకాలు లేవు. 'సి'ని షడ్జమం చేసుకుంటే కీబోర్డు మీద తెల్ల మెట్లు చాలు.