చవక కుర్రాళ్ళలో ఎవరిని తీసుకోవాలి?

ఫాంటసీ క్రికెట్‌లో మన చేతికి 100 క్రెడిట్లు ఇస్తారు, 11 మందిని కొనాలి. ముగ్గురు స్టార్లని పదిన్నర చొప్పున కొంటే 31.5 అయిపోతాయి. మిగిలిన 68.5తో ఎనిమిది మంది రావాలి. చవక ఆటగాడితో పని పడేది ఇక్కడే. ముగ్గుర్ని 7.5కే పట్టుకుంటే మిగతా ఐదుగురికీ తలా 9.2 దొరుకుతాయి.

మరి ఒకే రేటున్న ఇద్దరిలో ఎవరు? మా నందిగామ, జగ్గయ్యపేట బ్యాచ్ మూడు ప్రశ్నలతో తేలుస్తుంది. టాస్ అయ్యాక తుది జట్టులో ఉన్నాడా? ఎన్నో నంబర్లో దిగుతాడు? బౌలింగ్ కూడా వేస్తాడా? ఏడో నంబర్లో దిగేవాడు ఎంత మంచి బ్యాటరైనా, చాలాసార్లు అతనికి బంతులే మిగలవు.

మన విశాఖ కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డినే చూడండి. సన్‌రైజర్స్ అతన్ని 20 లక్షలకే తీసుకుంది. 2024 ఏప్రిల్ 9న పంజాబ్ మీద నాలుగో నంబర్లో దిగి 37 బంతుల్లో 64 కొట్టాడు, ఒక వికెట్టూ తీశాడు.

ఇంకొక్క మాట. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. మేం కాగితం మీదే ఆడతాం, పైసా పెట్టం. క్రెడిట్లు అయిపోతే రేపటి మ్యాచ్‌కి మళ్ళీ 100 వస్తాయి. నాన్న పంపిన మెస్ ఫీజు మళ్ళీ రాదు.